అర్థమైందాకు ఒక మార్కు కోత

జూన్ 19న రాళ్లవాగు ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఒక ఉత్తర్వు వచ్చింది. పంపినది కోర్సుల రూపకల్పన మూల్యాంకన, మెరుగుదల మండలి. ఉత్తర్వు నాలుగు పేజీలు. మొదటి మూడు పేజీల్లో మండలి సభ్యుల పేర్లు, హోదాలు ఉన్నాయి. నాలుగో పేజీలో విషయం ఉంది.

విషయం ఇది. కోర్సు లక్ష్యాలలో కొలవడానికి వీలైన క్రియలే ఉండాలి. విద్యార్థి రాస్తాడు, గీస్తాడు, లెక్కిస్తాడు, ప్రదర్శిస్తాడు. వీటిని కొలవవచ్చు. "అర్థం చేసుకుంటాడు" అన్న క్రియను కొలిచే పరికరం ఇంతవరకు లేదు. కాబట్టి ఆ క్రియను ఈ విద్యాసంవత్సరం నుంచి తొలగించడమైనది. దాని స్థానంలో "ప్రదర్శిస్తాడు" అని రాయవలెను. సెప్టెంబరులో మండలి స్వయంగా వచ్చి ఒక్కో కోర్సుకు నూటికి మార్కులు వేస్తుంది. డెబ్బై కంటే తగ్గిన కోర్సును ఉపసంహరిస్తారు.

ప్రిన్సిపల్ దయాకర్ ఈ ఉత్తర్వును స్టాఫ్ మీటింగులో చదివి వినిపించారు. చదవడం అయ్యాక సోమనర్సయ్య లేచి నిలబడ్డాడు.

సోమనర్సయ్య కాంట్రాక్టు లెక్చరర్. పదకొండేళ్లుగా ఒకే కోర్సు చెబుతున్నాడు. కోర్సు పేరు నీటి పరీక్ష. ముప్ఫై రెండు మంది చదువుతున్నారు. ఒక్కొక్కరూ తమ ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకొస్తారు. అందులో ఫ్లోరైడు ఎంత, ఉప్పు ఎంత, ఏ నీళ్లు తాగవచ్చు, ఏవి తాగకూడదు అన్నది సంవత్సరాంతానికి నేర్చుకుంటారు. ఆయన పోస్టు ఆ కోర్సుకు ఇచ్చిన పోస్టు. కోర్సు పోతే పోస్టు పోతుంది.

"సార్, నా లక్ష్యంల 'ఫ్లోరైడు వల్ల కలిగే నష్టాన్ని అర్థం చేసుకుంటారు' అని ఉన్నది. దాన్ని 'ఫ్లోరైడు వల్ల కలిగే నష్టాన్ని ప్రదర్శిస్తారు' అని మార్చాల్నా?"

"అవును."

"అంటే పండ్లు గారబట్టి, కాళ్లు వంకర పోయి చూపించాల్నా సార్?"

"అది మీ విభాగం అంతర్గత విషయం."

"మరి పిల్లలకు అర్థం కావద్దా?"

"అయితే అవనివ్వండి సోమనర్సయ్య గారూ. మనం అడ్డు పడం. కానీ దానికి మన కాగితాల్లో చోటు లేదు."

మార్పులు చేసే పని ఆఫీసు కంప్యూటర్ ఆపరేటరుకు అప్పగించారు. కళాశాలలో నలభై ఒక్క కోర్సులున్నాయి. ఆయన ఒక్కొక్కటీ చదవకుండా, "అర్థ" కనిపించిన ప్రతిచోటా "ప్రదర్శన" వచ్చేలా కంప్యూటరుకు చెప్పి టీ తాగడానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి అర్థశాస్త్రం ప్రదర్శనశాస్త్రం అయింది. టైంటేబులులో అర్ధగంట విరామం అని ఉండాలి. అక్కడ ధ బదులు థ పడి ఏళ్లయింది. అది ప్రదర్శనగంట విరామం అయింది.

అర్థశాస్త్రం వాళ్లు అభ్యంతరం చెప్పారు. కాగితం మీద ఉన్నదీ గోడ మీద ఉన్నదీ ఒకటే కావాలని ఉత్తర్వులో ఉందని ప్రిన్సిపల్ చూపించారు. శుక్రవారం బోర్డు మారింది. ఆ వారంలో ముగ్గురు అమ్మాయిలు వచ్చి, ఇక్కడ డాన్సు నేర్పుతారా అని అడిగి వెళ్లారు.

జులై 8న రెండో ఉత్తర్వు వచ్చింది. లక్ష్యంలో లేని క్రియను తరగతిలో వాడటం కోర్సు రూపకల్పనకు విరుద్ధం. బోధకులు పాఠం మధ్యలో "అర్థమైందా" అని అడుగుతున్నట్లు మండలి దృష్టికి వచ్చింది. ఇకపై ఆ మాట ఒక్కసారి వాడితే ఒక మార్కు కోత. మండలి వచ్చే లోపు కళాశాలలు తమంతట తాము లెక్కించుకొని సిద్ధం కావలెను.

లెక్కించడానికి మనిషి కావాలి. ఆఫీసు అటెండరు సైదమ్మను పిలిచారు. కారణం, ఆమె కుడి చూపుడు వేలికి ఎప్పుడూ ఒక కౌంటరు ఉంటుంది. ఉంగరంలా తొడుక్కొని బొటనవేలితో నొక్కితే అంకె పెరుగుతుంది. ఊరి నుంచి బస్సులో వస్తూ, పోతూ ఆమె దాని మీద రామనామం లెక్కపెట్టుకుంటుంది.

"నా లెక్క కలిసిపోతది సార్" అంది సైదమ్మ.

ఎడమ వేలికి ఇంకో కౌంటరు తెప్పించారు. కుడిచేయి రాముడికి, ఎడమచేయి సోమనర్సయ్యకు.

మొదటి రోజు తరగతిలో ఆమె వెనక బెంచీ మీద కూర్చుంది. చివర్లో సోమనర్సయ్య వచ్చి అంకె చూశాడు. యాభై మూడు.

"ఇదేం లెక్క? గంటల యాభై మూడా?"

"నొక్కినన్ని వచ్చినయ్ సార్."

"రెండు మూడుసార్లు అని ఉంట. ఇది నిమిషానికి ఒకటి పడ్డట్టు. మనిషన్నోడు అట్ల అంటడా సైదమ్మా? నేను చెప్పేది అర్థమైందా?"

సైదమ్మ నొక్కింది.

"తరగతి అయిపోయింది" అన్నాడు సోమనర్సయ్య.

"బెల్లు కొట్టలే సార్ ఇంక" అంది సైదమ్మ. "యాభై నాలుగు."

రిజిస్టరులో నలభై ఆరు మార్కులు రాశారు. మండలి రావడానికి పది వారాలుంది.

మరుసటి తరగతిలో ఆయన ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. "సమజైందా" అన్నాడు. నలభై ఎనిమిది సార్లు అన్నాడు. ఉత్తర్వులో సమజైందా లేదు కాబట్టి సైదమ్మ నొక్కలేదు. నూటికి నూరు వచ్చింది. ప్రిన్సిపల్ ఈ పురోగతిని మండలికి తెలియజేశారు. అది ఎలా సాధ్యమైందని మండలి అడిగింది. ప్రిన్సిపల్ ఉన్నది ఉన్నట్టు రాశారు. అన్ని పర్యాయపదాలతో జాబితా పంపవలసిందని మండలి ఆదేశించింది.

జాబితా తయారు చేయమని తెలుగు లెక్చరర్ హైమవతిని అడిగారు. ఆమె ముప్ఫై ఒక్క మాటలు రాసి తెచ్చింది. తెలిసిందా, ఎరుకైందా, బోధపడిందా, తలకెక్కిందా, బుర్రకు తాకిందా, క్లియరేనా, ఇంతవరకు ఓకేనా, ఇట్లా. కాగితం ఇచ్చి ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"సార్, బయట తిరిగే మాటలు దొరికినయి. మరి సంధిలో దాక్కున్నవాటి సంగతేంది?"

"అంటే?"

"విద్య ప్లస్ అర్థి. సవర్ణదీర్ఘ సంధి. విద్యార్థి."

ప్రిన్సిపల్ పెన్ను మూత తీశారు.

"పద ప్లస్ అర్థం, పదార్థం. వి ప్లస్ అర్థం, యణాదేశం, వ్యర్థం. ప్రశ్న ప్లస్ అర్థకం, ప్రశ్నార్థకం. ఈ కాలేజీల ఎక్కడ చూసినా అర్థమే ఉన్నది సార్. ఏమిటికి ఉత్తగ సోమనర్సయ్య సారు ఒక్కడి మీద పడ్డరు?"

హైమవతి ఎకసెక్కంగా అన్నది. ప్రిన్సిపల్ పేజీ తిప్పి రాసుకుంటున్నారు.

"వ్యర్థం ఏ సంధి అన్నారు?"

"యణాదేశం."

"ఇంకా ఉన్నాయా?"

ఆమె కొంచెంసేపు ఆయన వైపు చూసింది. "స్వార్థం ఉన్నది సార్" అని చెప్పి వెళ్లిపోయింది. దాన్ని కూడా రాసుకున్నారు.

కళాశాల చూపిన భాషాపరమైన లోతును అభినందిస్తూ ఆగస్టు 4న మూడో ఉత్తర్వు వచ్చింది. విద్యార్థి అన్న పదాన్ని తొలగించి "ఫలిత గ్రహీత" అని వాడవలెను. సమజైందాతో సహా జాబితాలోని మాటలన్నింటికీ అదే ఒక మార్కు కోత. ప్రశ్నపత్రాలలో ప్రశ్నార్థకాలు ఉండరాదు. మూలపదంలో గానీ, సంధి కార్యం వల్ల గానీ అర్థం కలిగిన పాఠ్యాంశాలను తొలగించి కోర్సు రూపాన్ని మెరుగుపరచవలెను. బోధకుడు అడగడం ఎలా నిషిద్ధమో, ఫలిత గ్రహీతలు "అర్థం కాలేదు" అనడం కూడా అలాగే నిషిద్ధం. లేని క్రియను కాదనడానికి వీలు లేదు. దానికి కూడా ఒక మార్కు.

నీటి పరీక్ష కోర్సులో ఏడు పాఠాలుండేవి. కరిగిన పదార్థాలు పోయింది. ఘన పదార్థాలు పోయింది. వ్యర్థ జలాలు, విషపదార్థాలు, సేంద్రియ పదార్థాలు పోయాయి. రెండు మిగిలాయి. ఒకటి నీళ్లు. రెండోది సీసా కడిగే విధానం. కోర్సుకు ఇప్పుడు ఒక స్పష్టత వచ్చిందని ప్రిన్సిపల్ అన్నారు.

సోమనర్సయ్యకు ఇబ్బంది పాఠాలతో రాలేదు. పాఠం నోట్లో ఉంది. నీళ్ల గురించి చెబుతూ ఫ్లోరైడు గురించి చెప్పవచ్చు. ఇబ్బంది స్వరూపతో వచ్చింది. స్వరూప రెండో బెంచీలో కూర్చుంటుంది. తరగతిలో మిగతావాళ్లు అర్థం కాకపోయినా తల ఊపుతారు. ఆమె ఊపదు. లేచి "సమజ్ కాలే సార్" అంటుంది. ఆమె అన్నాక ఇంకో పది మంది కూడా కాలేదంటారు. పదకొండేళ్లలో ఇంత అక్కరకొచ్చిన మనిషి తనకు దొరకలేదని ఆయన స్టాఫ్ రూములో అంటుండేవాడు. ఇప్పుడు ఆమె లేస్తే పదకొండు మార్కులు పోతాయి.

ఆయన తరగతిలో తలుపు వేసి చెప్పాడు. "చూడున్రి. నేనేం అడగ. మీరేం అనొద్దు. ఎవరికన్న తెలువకపోతే సీసా ఎత్తున్రి. మళ్ల చెప్త. సీసా దించినంక ముందుకు పోత. ఈ ముచ్చట బయట అనొద్దు, అర్థ..."

సైదమ్మ బొటనవేలు లేచింది.

"సరే" అన్నాడు సోమనర్సయ్య.

ఈ పద్ధతి పనిచేసింది. ఆయన ఒక మాట చెప్పి ఆగేవాడు. మూడు సీసాలు లేచేవి. మళ్లీ చెప్పేవాడు. ఒకటి మిగిలేది. అది స్వరూపది. ఇంకోలా చెప్పేవాడు. అదీ దిగేది. ఆగస్టు చివరి మూడు వారాలు రిజిస్టరులో నూటికి నూరు పడింది. పని లేక సైదమ్మ పాఠం వినడం మొదలుపెట్టింది.

సెప్టెంబరు 16న మండలి వచ్చింది. అధ్యక్షుడు ఆచార్య మార్తాండరావు. ముప్ఫై నాలుగేళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. వెంట మండలి కార్యదర్శి ఉన్నారు. ఉదయం పదకొండు గంటలకు నీటి పరీక్ష తరగతికి వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. ప్రిన్సిపల్ తలుపు దగ్గర నిలబడ్డారు. సైదమ్మ తన బెంచీ మీద ఉంది.

సోమనర్సయ్య రెండు నిమిషాలు మాట్లాడి ఆగాడు. రెండో బెంచీలో సీసా లేచింది.

"అమ్మాయీ, ఆ సీసా ఏమిటి?" అని మార్తాండరావు అడిగారు.

స్వరూప లేచింది. ఆమెకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. "సమజ్ కాలేదని సార్."

ప్రిన్సిపల్ కళ్లు మూసుకున్నారు. సైదమ్మ నొక్కింది. ఒకటి.

మార్తాండరావు ముందుకు వచ్చి సోమనర్సయ్య చేతిలోని చాక్‌పీసు తీసుకున్నారు. "మీరు కూర్చోండి. కొలవదగిన క్రియలతో బోధన ఎట్లా జరగాలో నేను ప్రదర్శిస్తాను. అమ్మాయీ, నీ సందేహం ఏమిటి?"

"మా తండల నీళ్లు కాగబెట్టుకొని తాగుతున్రు సార్. ఫ్లోరైడు పోతదని. పోతదా?"

"పోదు. ఫ్లోరైడు అయాను బాష్పీభవనం చెందదు. ద్రావణి పరిమాణం తగ్గినకొద్దీ ద్రావిత గాఢత పెరుగును. దీన్ని నీవు ప్రదర్శించుము."

స్వరూప సీసా ఎత్తింది.

మార్తాండరావు ఆగారు. బోర్డు వైపు చూశారు. మళ్లీ ఆమె వైపు చూశారు.

"సరే. మీ ఇంట్లో పప్పుచారు కాస్తారా?"

"కాస్తం సార్."

"ఉప్పు ఎక్కువైందనుకో. ఉప్పు పోతుందని ఇంకో గంట కాగబెడతారా?"

"కాగబెడితే ఇంక ఉప్పన అయితది సార్."

"ఎందుకయింది?"

"నీళ్లు ఇంకిపాయె, ఉప్పు ఉండిపాయె."

"ఫ్లోరైడు కూడా అంతే తల్లీ. నీళ్లు పోతాయి, అది కుండలోనే ఉంటుంది. కాగబెట్టినకొద్దీ ఎక్కువవుతుంది. అర్థమైందా?"

సైదమ్మ నొక్కింది.

సీసా దిగింది. వెనక నుంచి ఇంకొకటి లేచింది. మరి ఎట్లా తీయాలి అని. మార్తాండరావు కోటు విప్పి కుర్చీకి తగిలించారు. పటిక ఎందుకు వేయాలి, సున్నం ఎందుకు వేయాలి, ఎంతసేపు కలపాలి, ఎంతసేపు కదపకుండా ఉంచాలి అని చెప్పారు. మూలన కూర్చున్న అబ్బాయి దగ్గరికి వెళ్లి నీకు అర్థమైందా అని అడిగారు. అయిందన్నాడు. ఏమి అర్థమైందో చెప్పు అన్నారు. చెప్పలేకపోయాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పారు. సోమనర్సయ్య మొదటి బెంచీలో కూర్చొని వింటున్నాడు. మధ్యలో ఒకసారి ఆయన కూడా సీసా ఎత్తాడు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ప్రిన్సిపల్ గదిలో సైదమ్మ అంకె చూపించింది. నలభై నాలుగు.

"అయితే యాభై ఆరు మార్కులు" అన్నారు కార్యదర్శి. "డెబ్బై లోపు. ఉపసంహరణ."

సోమనర్సయ్య గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"ఒకటి ఆ పిల్లది సార్" అంది సైదమ్మ. "నలభై మూడు పెద్దసారువి. మా సారు ఒక్కటి అనలే."

"నావా?" అన్నారు మార్తాండరావు. "నేను ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఉత్తర్వు రాసిందే నేను. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఏ మాట ఎక్కడ వాడాలో నాకొకరు చెప్పనక్కరలేదు, అర్థమైందా?"

సైదమ్మ బొటనవేలు కదిలింది. "ఇది లెక్కకు రాదు లే సార్" అంది. "చెయ్యికి అలవాటైంది."

కార్యదర్శి పెన్ను మూల్యాంకన పత్రం మొదటి గడి దగ్గర ఆగింది. గడి పేరు, బోధకుని పేరు. అక్కడ సోమనర్సయ్య పేరు రాయడానికి లేదు. ఆయన చెప్పింది రెండు నిమిషాలే. చెప్పినవారి పేరు రాస్తే, మండలి కొలతలో తప్పిన మొదటి బోధకుడు మండలి అధ్యక్షుడవుతాడు.

"ఈ గడి ఖాళీగా ఉంచవచ్చునా?" అని కార్యదర్శి అడిగారు.

"ఉంచవచ్చు" అన్నారు మార్తాండరావు. "బోధకుడు లేడంటే తరగతి జరగలేదని."

"తరగతి జరగకపోతే మార్కులు ఎట్లా వేయాలి సార్?"

"కోత ఎంత?"

"జరగని తరగతిలో కోత ఉండదు సార్. సున్నా."

"నూటిలోంచి సున్నా తీస్తే?"

కార్యదర్శి రాశారు.

"మరి పిల్లలు సార్?" అన్నాడు సోమనర్సయ్య. "గంటసేపు కూసున్నరు గదా. విన్నరు గదా."

"ఫలిత గ్రహీతలు" అని ప్రిన్సిపల్ సరిదిద్దారు. "ఆ గంటలో వారు లేరు. తరగతి లేదు కదా."

అక్టోబరు 10న నివేదిక వచ్చింది. మండలి చూసిన అన్ని కోర్సులలో నూటికి నూరు పొందినది ఒక్క నీటి పరీక్ష. దాన్ని ఆదర్శ కోర్సుగా ప్రకటించడమైనది. మిగిలిన కళాశాలలు ఈ రూపకల్పనను అనుసరించవలెను. బోధకుని కాంట్రాక్టును మూడేళ్లు పొడిగించడమైనది. అయితే ఒక షరతు. మండలి సందర్శన నాడు కోర్సు ఏ విధంగా నిర్వహించబడినదో, ఇకపై అదే విధంగా నిర్వహించబడవలెను.

సోమనర్సయ్య ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"ఆ నాడు తరగతి జరగలేదని గదా సార్ రాసింది."

"అవును."

"అంటే ఇగ జరగొద్దా?"

"పోస్టు ఉంది, కోర్సు ఉంది, పేరు కూడా వచ్చింది. ఇంకేం కావాలి మీకు?" అన్నారు ప్రిన్సిపల్. "రూపకల్పనను చెడగొట్టకండి."

తరగతి గదికి తాళం వేసి, తలుపు మీద ఆదర్శ కోర్సు అని రాయించారు. నవంబరులోగా నాలుగు కళాశాలల వాళ్లు వచ్చి తాళం చూసి, ఫొటోలు తీసుకొని వెళ్లారు.

మంగళ, గురువారాల్లో పన్నెండు గంటలకు ముప్ఫై రెండు మంది సైకిల్ స్టాండు దగ్గరికి వస్తారు. అక్కడ నల్లా ఉంది. సోమనర్సయ్య కూడా చేతులు కడుక్కోవడానికి వస్తాడు. టైంటేబులు ప్రకారం అది ప్రదర్శనగంట విరామం. అక్కడ ఎవరూ ఏమీ లెక్కపెట్టరు. ఏడు పాఠాల్లో మూడు అయిపోయాయి.

నవంబరు రెండో గురువారం సైదమ్మ ఒక సీసా పట్టుకొని అక్కడికి వచ్చింది. ఆమె ఊరి బోరు నీళ్లు. ఎడమ వేలి కౌంటరు ఆఫీసు బీరువాలో పెట్టేశారు. కుడి వేలిది ఉంది.

సోమనర్సయ్య సీసాలోంచి కొన్ని నీళ్లు గాజు గొట్టంలో పోసి, మందు చుక్కలు వేసి, స్వరూప చేతికిచ్చాడు. ఆమె రంగుల కార్డు పక్కన పెట్టి చూసింది. గులాబి రంగు పోయి పసుపు వచ్చింది.

"పసుపొచ్చింది" అంది సైదమ్మ. "మంచిదే గదా సార్. శుభం."

ఎవరూ నవ్వలేదు. స్వరూప గాజు గొట్టం దించలేదు.

"ఇక్కడ పసుపు శుభం కాదు సైదమ్మా" అన్నాడు సోమనర్సయ్య. "గులాబి రంగుంటే తాగొచ్చు. పసుపొస్తే ఫ్లోరైడు ఎక్కువున్నట్టు. ఈ నీళ్లు తాగుడుకు పనికిరావు. ఎన్నేండ్ల నుంచి తాగుతున్రు?"

"బోరు ఏసినకాడి నుంచి. మనవరాలు కూడ ఇయ్యే తాగుతది." ఆమె సీసాకు మూత పెట్టింది. "కాగబెట్టుడు కాదు గదా సార్. పప్పుచారు ముచ్చట పెద్దసారు చెప్పిండు. గక్కడిదాంక విన్న. పటిక కాడికొచ్చేసరికి ఆయన ఊకె అంటుండె, నాకు నొక్కుడే సరిపాయె."

సోమనర్సయ్య నల్లా కట్ట మీద కూర్చొని మొదటి నుంచి చెప్పాడు. బిందెకు సున్నం ఎంత, పటిక ఎంత, ఎంతసేపు కలపాలి, ఎంతసేపు ముట్టకుండా ఉంచాలి, పైన తేరిన నీళ్లు ఎట్లా వంచుకోవాలి. చెప్పి, అలవాటు కొద్దీ అడిగాడు.

"అర్థమైందా సైదమ్మా?"

ఆమె ఎడమచేతి బొటనవేలు చూపుడు వేలి మీదికి వచ్చింది. అక్కడ ఏమీ లేదు.

"లే సార్" అంది సైదమ్మ. "మళ్లొక్కసారి చెప్పున్రి."